ఏడో నంబరు

మంగళవారం పొద్దున వార్డులో మందులు పంచుతుంటే జేబులో ఫోన్ మూడుసార్లు వణికింది. మూడోసారికి బయటికొచ్చి చూశాను. మా ఎదురింటి సుజాత. "అక్కా, అంబులెన్స్ వాళ్ళు వెళ్ళిపోయారు" అంది. అంబులెన్స్ ఖాళీగా వెళ్ళిపోయిందంటే అర్థమేమిటో నా ఉద్యోగంలో నాకు తెలియాలి. తెలియలేదు. "ఎవరికేమైంది?" అని రెండుసార్లు అడిగాక, "అమ్మకి" అంది. ఇలాంటి కబుర్లు నా నోటితో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. అయినా ఫోన్ పెట్టేసి, లోపలికి వెళ్ళి, మిగిలిన ముగ్గురికీ మందులిచ్చి, అప్పుడు సెలవడిగాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ చెప్పలేను.

సుజాత వాళ్ళమ్మ, మా టీచరు గారు, వాకింగ్‌కి వెళ్దామని స్నానం చేసి, గరాజ్ దగ్గర చిన్న స్టూల్ మీద కూర్చుని సాక్సులు తొడుక్కుంటోందట. ఒకటి కాలికి ఉంది, రెండోది చేతిలో ఉంది. గుండె ఆగిపోయింది. అరవై ఏడేళ్ళు.

ఆస్ట్రేలియాలో మేముండే క్రెయిగీబర్న్‌లో ఆవిడని ఎవరైనా ఆంటీ అంటే ఒప్పుకునేది కాదు. "ఆంటీ ఏటి? ముప్ఫై ఏళ్ళు డ్రిల్ టీచర్ని. టీచరు గారు అనండి" అనేది. విజయనగరం వైపు ఆడపిల్లల హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యి, కూతురి దగ్గరికి వచ్చేసింది. ఇక్కడ వరస కట్టించడానికి పిల్లలు దొరక్కపోతే మమ్మల్ని పట్టుకుంది. మేం ఆరుగురం, అందరం నలభైకి అటూ ఇటూ. ఒకరికి బీపీ, ఒకరికి నడుం నొప్పి, నాకు షుగర్ సరిహద్దు దాకా వచ్చి నిలబడింది. రోగులకి రోజూ నడవమని చెప్పే మనిషిని నేనే, మెయిల్ బాక్స్ దాకా వెళ్ళాలన్నా కారు తాళాలు వెతుక్కునే మనిషిని కూడా నేనే.

ఐదేళ్ళ కిందటి మాట. జులై, ఇక్కడ నడి చలికాలం, బయట సన్నగా వాన, నేను హీటర్ గాలి వచ్చే రంధ్రం మీద కాళ్ళు పెట్టుకుని కాఫీ తాగుతున్నాను. తలుపు చప్పుడైంది. తీస్తే టీచరు గారు. చీర మీద కూతురి దళసరి పఫర్ జాకెట్, తలకి ఆకుపచ్చ ఉన్ని టోపీ. "ఏటమ్మాయ్, లోపల ఉడుకుతున్నావా? బయటికి రా" అంది. అంతకుముందు ఆవిడతో నాకు పెద్దగా మాటలు కూడా లేవు. వాన పడుతోంది కదండీ అన్నాను. "నువ్వేమైనా బెల్లం ముక్కవా?" అంది. చెప్పులేసుకున్నాను. అలా మొదలైంది.

ఆ ఏడాదే ఆగస్టులో మా వీధి వాళ్ళందరం కలిసి మంచు చూడ్డానికి వెళ్ళాం. మనవాళ్ళు మంచుకి వెళ్ళడమంటే ఎలా ఉంటుందో ఇక్కడున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు. తెల్లారి లేచి పులిహోర కలిపి, రెండు గంటలు డ్రైవ్ చేసి, మేరీస్‌విల్ ఊరు దాటి కొండెక్కి, అద్దెబూట్లు తొడుక్కుని, సినిమా పాటలోలా పల్చటి చీరలో చేతులు చాచి పది ఫొటోలు దిగి, పిల్లలు టొబాగన్ జారుడుచెక్కల మీద నాలుగుసార్లు జారాక, కార్ పార్కులో పులిహోర తిని వచ్చేయడం. మళ్ళీ వచ్చే ఏడాది చుట్టాలొస్తే వాళ్ళని తీసుకెళ్ళడం. నేను అలాంటి ఫొటోలు మూడేళ్ళవి దాచుకున్నాను. మూడింట్లోనూ చలికి నా పెదాలు నీలంగానే ఉన్నాయి.

ఆ రోజు టీచరు గారు ఫొటోకి నిలబడలేదు. చెట్ల మధ్య నుంచి కాళ్ళకి కట్టుకున్న సన్నటి స్కీల మీద నెమ్మదిగా జారుకుంటూ వెళ్తున్న ఒక తెల్లజుట్టు దొరసానిని చూస్తూ నిలబడిపోయింది. కొండ మీంచి దూకే రకం కాదది. చదును దారిలో, నడిచినట్టే, రెండు కర్రలు పొడుచుకుంటూ వెళ్ళే రకం. "ఆవిడకి నా కన్నా ఐదేళ్ళు ఎక్కువే ఉంటాయి. మరి నాకెందుకు రాదు?" అంది. పులిహోర చల్లారిపోతోందన్నారు అందరూ.

పై వారం ఆవిడ జీవితంలో మొదటిసారి ప్యాంటు తొడిగింది. అరవై రెండేళ్ళ మనిషి, కూతురి వాటర్‌ప్రూఫ్ ప్యాంటు పొడవైపోతే కింద రెండు మడతలు పెట్టింది. స్కీలు కట్టుకుని మూడడుగులు వేసి పడింది. లేచింది. పడింది. మేం లేపబోతే, ఆవిడ మాత్రం పడ్డ చోటు నుంచే పాఠం మొదలెట్టింది. "చూశారా? వెనక్కి పడితే తలకి తగుల్తాది. పక్కకి పడాలి. ముందు పడ్డం నేర్చుకోండి, నడక దానంతటదే వస్తాది." మా రజిత కరీంనగర్ పిల్ల, నోరు ఊరుకోదు. "గీ పడుడు కోసం రెండు గంటలు వచ్చినమా టీచర్?" అంది. ఆ రోజు రజిత పదకొండుసార్లు పడింది. అందరికన్నా ముందు నడక నేర్చుకున్నదీ తనే.

ప్రతి జూన్‌లో, మంచు మొదలయ్యే లాంగ్ వీకెండ్‌కి, టీచరు గారు మా చేత చీటీలు రాయించేది. ఈ చలికాలం ఏం సాధించాలో ఒక్క మాట రాసి, మడిచి, నీలం బిస్కెట్ డబ్బాలో వేయాలి. సెప్టెంబర్‌లో మంచు కరిగేలోపు తీసి అందరి ముందూ చదవాలి. మొదటి ఏడాది నేను షుగర్ తగ్గాలని రాశాను. ఆవిడ విప్పి చూసి తిరిగిచ్చేసింది. చీటీ ముందే విప్పకూడదన్న రూలు ఆవిడదే, ఆవిడకి మాత్రం వర్తించేది కాదు. "షుగర్ నీ మాట వింటాదా? నీ కాళ్ళు నీ మాట వింటాయి. కాళ్ళు చేసే పని రాయి" అంది. అంత చిన్న మాటకి నాకు ఉక్రోషం వచ్చింది. నర్సుకే పాఠం చెప్తోందని విసుక్కుంటూ, వారానికి మూడుసార్లు మా ఇళ్ళ దగ్గరి చెరువు చుట్టూ నడవాలని రాశాను. నడిచాను. ఆ తర్వాత ఇన్నేళ్ళూ షుగర్ ఆ సరిహద్దు దాటలేదు. దాని గురించి ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు, నేనూ కృతజ్ఞత చెప్పలేదు. ఇప్పుడు ఇలా రాసుకోవడం తప్ప దారి లేదు.

ఆవిడ పద్ధతుల్లో నేనెప్పటికీ మరిచిపోనిది నంబర్లు చెప్పించడం. మంచు దారిలో మేం ఒకరి వెనక ఒకరం వెళ్ళేవాళ్ళం. ప్రతి మలుపు దగ్గరా ఆవిడ ఆగి, "ఒకటి" అని అరిచేది. వెనకాల వాళ్ళం వరసగా రెండు, మూడు, నాలుగు అంటూ ఏడు దాకా చెప్పాలి. ఏడు వినబడ్డాకే మళ్ళీ కదలడం. పక్కన వెళ్ళే ఆస్ట్రేలియా వాళ్ళు నవ్వి చూసేవారు, మా పిల్లలైతే "అమ్మా, దిస్ ఈజ్ సో ఎంబరాసింగ్" అని దూరంగా జరిగిపోయేవారు. ఇంకో రూలు కూడా ఉండేది. ముందున్న వాళ్ళు వెనక్కి తిరక్కూడదు. స్కీల మీద వెనక్కి తిరిగితే రెండూ మెలిపడి పడిపోతాం. "చూడొద్దు, వినండి" అనేది.

ఈ ఏడాది జూన్‌లో మొదటి ట్రిప్పుకి వెళ్ళినప్పుడు, వరస కట్టగానే ఆవిడ నా భుజం పట్టుకుని ముందుకి తోసింది. "ఈసారి నువ్వు ఒకటి" అంది. తను వెళ్ళి అందరికీ వెనకాల నిలబడింది. నాకు నచ్చలేదు. ముందు నడిచేవాళ్ళకి కొత్త మంచులో దారి చేసే పని ఎక్కువ, పైగా తప్పు దారి పడితే అందరూ మనల్నే అంటారు. మలుపు దగ్గర ఆగి విసుగ్గా "ఒకటి" అన్నాను. రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. వెంటనే గట్టిగా, బడి ప్రార్థనలో వినబడేలా, "ఏడు!"

రెండో ట్రిప్పులో ఆరుకీ ఏడుకీ మధ్య కొంచెం ఎడం వచ్చింది. బూటు లేసు ఊడిందేమో అనుకున్నాను. ఆవిడ చనిపోయే ముందు శనివారం వెళ్ళిన మూడో ట్రిప్పులో ఆ ఎడం ఇంకా పెరిగింది. ఆరు అన్నాక చెట్ల మీంచి మంచు ముద్దలు జారి పడే చప్పుడు విన్నాను. అది ఆగాక కూడా కాసేపు ఏమీ లేదు. అప్పుడు "ఏడు" అంది. గొంతు మామూలుగానే ఉంది. మలుపు మలుపుకీ అలాగే. నేను వెనక్కి తిరగలేదు. రూలు కదా. కార్ పార్కులో మాత్రం ఆవిడ ఎప్పటిలా అందరికన్నా ముందే జంతికల డబ్బా తెరిచి, పంచిపెట్టి, రజితని ఏడిపించింది. ముఖంలో నాకేమీ కనబడలేదు. కనబడలేదా, చూడలేదా?

అంత్యక్రియల హాలు బయట నిలబడ్డప్పుడు రకరకాల మాటలు చెవిన పడ్డాయి. రోజూ నడిచే మనిషికే ఇలా అయితే ఇంక మనమెందుకు నడవడం అని ఒకరన్నారు. ఈ వయసులో ఆ మంచేమిటి, ఆ చలికే గుండె పట్టేసుంటుంది అని ఇంకొకరు. ఆ మంచే లేకపోతే ఐదేళ్ళ ముందే పోయేది అని రజిత వాళ్ళ మీదకి లేచింది. డాక్టర్లేమో, రక్తనాళాల్లో అడ్డంకి ఎన్నాళ్ళ నుంచో ఉండి ఉంటుందన్నారు. నేను ఎవరి మాట విన్నా అదే నిజమనిపించింది. ఒక్క గంటలో మూడు నిజాలూ నమ్మాను.

పదో రోజు భోజనాలయ్యాక సుజాత నన్ను లాండ్రీ గదిలోకి పిలిచింది. తలుపు దగ్గరగా వేసి, "అక్కా, నిజం చెప్పు. అమ్మకి ఒంట్లో బాగాలేదని నీకెప్పుడైనా అనిపించిందా? నువ్వు నర్సువి కదా, నేనేమో శనివారాలు కూడా ఆఫీసు పనిలోనే ఉన్నాను" అంది.

"లేదమ్మా" అన్నాను. అంత తొందరగా అన్నందుకు నాకే భయం వేసింది.

ఆ తర్వాత చాలా రోజులు నాకు పని మీద ధ్యాస లేదు. ఎవరికైనా బీపీ చూస్తుంటే ఆరు, ఏడు అని వినబడేది. ఆ ఎడం గురించి నేను అప్పుడే అడిగి ఉంటే? టీచరు గారూ, ఆయాసంగా ఉందా అని ఒక్క మాట? అడిగితే బెల్లం ముక్క జవాబే చెప్పేదేమో. లేక నిజమే చెప్పేదేమో. మా ఆయన "నువ్వు డ్యూటీలో లేవు కదా" అన్నాడు. ఓదార్పుకే అన్నాడు, కానీ డ్యూటీలో ఉన్నప్పుడు మాత్రమే మనుషుల్ని చూస్తానా అని ఇంకా దిగులేసింది.

సెప్టెంబర్ మొదటి శనివారం ఉదయం ఆరుగురం సుజాత ఇంట్లో కలిశాం. సుజాత నీలం డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టింది. చీటీలు ఏడు. మావి మేం చదువుకున్నాం, ఎవరికీ నవ్వు రాలేదు. రజితది, ఈ ఏడు ఒక్కసారి కూడా పడకుండా రావాలె అని ఉంది. ఆఖర్న ఆవిడ చీటీ సుజాతే విప్పింది. గుండ్రటి అక్షరాలు, కింద స్కేలుతో గీసిన గీత.

"ఈసారి ఆఖర్న నడవాలి."

అంతే ఉంది. జూన్‌లో, మొదటి ట్రిప్పుకి ముందే రాసింది.

"అమ్మకి అప్పటికే తెలుసు" అంది సుజాత. "ముందు నడవలేనని తెలుసు. మనకి చెప్పలేదు."

"కాదు సుజాతా, మనం ముంగట నడుసుడు నేర్వాలని రాసింది. టీచర్ కదా" అంది రజిత.

ఇద్దరూ నా వైపు చూశారు. చీటీని తిప్పి వెనక కూడా చూశాను, ఏదైనా ఉందేమోనని. ఏమీ లేదు. అప్పుడు సుజాతకి చెప్పాల్సింది చెప్పేశాను. ఏడు ఆలస్యంగా వచ్చేదని, నేను విన్నానని, వెనక్కి తిరగలేదని, లాండ్రీ గదిలో లేదన్నది అబద్ధమో నిజమో నాకే తెలియదని. సుజాత టేబుల్ మీద వేలితో గీతలు గీసింది. తర్వాత లేచి వెళ్ళి, ఆకుపచ్చ టోపీ పెట్టుకుని వచ్చింది. "ఇవాళ నేనొస్తాను" అంది.

కొండ మీద మంచు పల్చబడింది, దారి పక్కన అక్కడక్కడా గడ్డి బయటపడింది. సుజాతకి స్కీలు కొత్త. పక్కకి ఎలా పడాలో రజిత నేర్పింది. వరస కట్టాం. ఎవరూ చెప్పకుండానే నేను ముందుకి వెళ్ళాను, ఎవరూ చెప్పకుండానే సుజాత వెనక్కి వెళ్ళింది. మొదటి మలుపు దగ్గర ఆగాను. చిన్న ఎక్కుడు అది. ఊపిరి తీసుకుని "ఒకటి" అన్నాను.

రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు.

తర్వాత ఏమీ లేదు. చెట్ల మీంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. లెక్కపెడుతూ ఆగాను. ఆ శనివారం ఆగినంత సేపు ఆగాను, ఇంకా కొంచెం ఆగాను. ఇక నావల్ల కాలేదు. వెనక్కి తిరిగాను. స్కీలు మెలిపడ్డాయి, పక్కకి పడ్డాను, ఆవిడ నేర్పినట్టే.

చెంప మంచుకి ఆనించి చూస్తే పది స్కీలు, పది కర్రలు, వాటి వెనకాల, అందరికన్నా వెనక, ఎక్కుడు ఎక్కలేక కర్రల మీద వంగి నిలబడ్డ ఆకుపచ్చ టోపీ. ఏడుస్తోందో, ఆయాసపడుతోందో అంత దూరం నుంచి నాకు తెలియలేదు. కాసేపటికి తలెత్తింది. ఒక కర్ర పైకెత్తి, వాళ్ళమ్మ గొంతుతో, "ఏడు" అంది.