వంతెన ఎత్తు మీద ఊయల

ఇన్నేళ్లుగా ఒక రిక్షా నా గుండె మీద బరువుగా ఉంది. దాన్ని లాగిన మనిషి వేరు. మోశానని నేను చెప్పుకోవడానికి సిగ్గుండాలి. ఉంది. అయినా మీకు చెప్పాలి.

కావలిలో మా వీధి పిల్లలందరినీ దేవదానం అన్న తన సైకిల్ రిక్షాలో బడికి తీసుకెళ్లేవాడు. రైలు వంతెన ఎత్తు రాగానే ఆయన దిగి హ్యాండిల్ పట్టుకుని లాగేవాడు. మేమూ దిగి వెనక నుంచి తోసేవాళ్ళం. ఒకరోజు నేను తోయలేదు. వెనక కమ్మీ పట్టుకుని, కాళ్ళు పైకెత్తి, "ఊయల!" అని అరిచాను. నన్ను చూసి అందరూ వేలాడారు. రిక్షా వెనక్కి జారింది. మోకాళ్ళు చెక్కుకుపోతున్నా అన్న హ్యాండిల్ వదలకుండా దాంతోపాటే కిందికి జారుకుంటూ వచ్చాడు. కిందపడ్డ నా స్నేహితురాలు సుజాత చెయ్యి విరిగింది.

పెద్దవాళ్ళు అడిగితే నేనే ముందు నోరు తెరిచాను. "అన్న హ్యాండిల్ వదిలేసినాడు." మిగతా పిల్లలు తలూపారు. మర్నాటి నుంచి మమ్మల్ని ఆటో ఎక్కించారు. మళ్ళీ ఏ తల్లీ ఆయన రిక్షాలో పిల్లల్ని ఎక్కించలేదు. భయంతో అన్నానా? ఆ రోజు భయమే. మరి పెద్దదాన్నయ్యాక కూడా, బజార్లో మూటలు లాగుతున్న ఆయన్ని చూసి తల తిప్పుకున్నప్పుడల్లా, నేను చేసిందేమిటి? అదే అబద్ధం మళ్ళీ ఆడడం కాదా?

ఇవాళ స్టేషన్ దగ్గర బ్యాటరీ ఆటో ఎక్కాను. నడిపేది ఆయనే, జుట్టంతా నెరిసిపోయింది. సరిగ్గా ఆ వంతెన ఎత్తులోనే ఛార్జింగ్ అయిపోయింది. ఆయన దిగి హ్యాండిల్ పట్టుకున్నాడు. నేను వెనక్కి వెళ్ళి తోశాను. నిజంగా తోశాను! రొప్పుతూ, చెప్పులు జారుతూ, నేనెవరో, ఏం చేశానో మొత్తం చెప్పేశాను.

"మాటలు తర్వాత. ముందు తొయ్యమ్మా."

పైకి చేరాం. పందెం గెలిచినంత సంబరపడ్డాను, నా వయసుకు తగకపోయినా. అప్పుడు ఆయన వెనక్కి తిరిగాడు.

"నేనే వదిలినానని మా ఇంటామె కూడా నమ్మింది. అట్లా నమ్ముతానే కన్నుమూసింది."

ఆయన కిందికి చెయ్యి చూపించాడు. "ఆటో స్టాండులో పాత రిక్షావాళ్ళంతా ఉండారు. వాళ్ళకీ చెప్పు."

పల్లంలో ఆటో దానంతటదే పరుగెత్తింది. స్టాండు ముందు దిగి, నలుగురూ చూస్తుండగా, గొంతెత్తి అరిచాను. "దేవదానం అన్న హ్యాండిల్ వదల్లేదు! అబద్ధం చెప్పింది నేను!"

ఒళ్ళంతా తేలికైపోయింది. ఆయన మాత్రం నా వైపు చూడలేదు. వాళ్ళ ముఖాలే చూస్తున్నాడు.

"ఇంకోసారి," అన్నాడు.

ఇంకా గట్టిగా అరిచాను.