ఒళ్లో ఎరువు

బస్సుల్లో కోళ్లనూ గోడగడియారాలనూ ఒళ్లో పెట్టుకుని వెళ్లేవాళ్లుంటారు. మునిసిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఒళ్లో మాత్రం తడిచెత్తతో చేసిన ఎరువు డబ్బా ఉంది. ఇవాళ అది చూపించి గ్రాంటు తెచ్చుకోకపోతే ఎరువుల షెడ్డు మూతపడుతుంది, అక్కడ పనిచేసే ఆడవాళ్లంతా రోడ్డున పడతారు. "క్యారేజీలో కూరేంటి బాబాయ్?" అంది పక్కసీటావిడ. "కూర కాదమ్మా, ఎరువు. తడిసిన మట్టి వాసనొస్తుంది, చూడు," అని మురిపెంగా మూత తీశాడు. కుళ్లు కంపు గుప్పున కొట్టింది. "ఇదా మట్టి వాసన! ఎవరి కొంప ముంచడానికి బయల్దేరావు బాబాయ్?"

ఎరువుకు గాలాడాలని ఊరంతా చెప్పే మనిషి, బస్సులో ఒలుకుతుందన్న భయంతో తడి ఆరకముందే నిన్న మూత బిగించేశాడు. గ్రాంటు ఆఫీసు దగ్గర బస్సాగింది. "పారేసి పో బాబాయ్," అందావిడ. అతను దిగి, ఎరువును వేళ్లతో కెలుకుతూ, డబ్బాను గాలికి ఎదురుగా పట్టుకుని ఆఫీసు మెట్లెక్కాడు.