మైకు పట్టుకున్న మహానాయకుడు

మొన్న ఆదివారం పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని ఇంటి వెనక చెక్క డెక్ మీద కూర్చుని ఫోన్ తెరిచేసరికి మా కుటుంబం గ్రూపు నిండా దండాలే దండాలు. ఎవరైనా పోయారేమో అనుకున్నాను. తీరా పైకి జరిపి చూస్తే ఎవరూ పోలేదు. కాకినాడలో ఉన్న మా పెదనాన్న కొడుకు పాత ఆల్బంలోంచి ఒక ఫోటో తీసి పెట్టాడు. అందులో ఒక కంచు విగ్రహం. ఒక చేత్తో నోటి దగ్గర మైకు పట్టుకుని, రెండో చెయ్యి ఆకాశంలోకి ఎత్తి ఉంది. మెడలో పూలదండ. కింద పంచె మీద కోటు తొడుక్కుని, చెప్పులు విప్పేసి, చేతులు జోడించి పెదనాన్న. పక్కన మా నాన్న. ఫోటో కింద మావాడు ఇలా రాశాడు: "నాన్నగారు అమెరికా పర్యటనలో ఒక మహానాయకుని విగ్రహానికి పూలమాల వేయించి నివాళులర్పించిన అపురూప దృశ్యం. పక్కన బాబాయిగారు. ఎడమవైపు కనిపిస్తున్న చెయ్యి ఎవరిదో తెలియదు." ఆ చివరి వాక్యం చదివాక నాకు ఒళ్ళు మండిపోయింది. కాఫీ అలాగే వదిలేసి లోపలికి వచ్చేశాను.

ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. ఆ ఫోటో తీసింది నేనే. ఆ విగ్రహం ఎవరిదో కూడా తెలుసు. ఆయన ఏ జన్మలోనూ ఏ నాయకుడూ కాదు. రాక్ పాటలు పాడేవాడు. జుట్టు పైకి దువ్వుకుని, బిగుతు ప్యాంటు వేసుకుని, స్టేజి మీద తను ఊగుతూ దేశం మొత్తాన్ని ఊపేసి, ముప్ఫై నిండకుండానే పోయాడు. పేరు రాయను. రాస్తే మీలో సగం మంది ఆయన పాటలు వెతుక్కుంటూ వెళ్ళిపోతారు, నా గొడవ వినేవాళ్ళు ఉండరు.

ఎనభైల మొదట్లో మేం చికాగో శివారు షామ్‌బర్గ్‌లో ఉండేవాళ్ళం. ఇండియా నుంచి వచ్చేనాటికి నాకు తొమ్మిదేళ్ళు, మా అన్నయ్యకి పన్నెండు. నాన్న ఇంజనీరు. ఆ రోజుల్లో మన కూరగాయలు కావాలంటే శనివారం పూట చికాగో దాకా కారేసుకుని పోవాల్సిందే. స్కూల్లో మా ఇద్దరి పేర్లూ టీచర్లు రోజుకో రకంగా విరిచేవారు. నేను పుస్తకాల్లో తల దూర్చుకుని ఆ సంవత్సరాలు గడిపేశాను. అన్నయ్యకి ఎవరో స్నేహితుడి ఇంట్లో ఆ పాటలు వినపడ్డాయి. అంతే, వాడికి అమెరికా అర్థమైపోయింది. ఒక వేసవంతా చుట్టుపక్కల ఇళ్ళలో పచ్చిక కోసి ఒక పాత గిటార్ కొనుక్కున్నాడు. బేస్‌మెంట్‌లో బట్టలు ఉతికే మెషీన్ తిరుగుతున్నప్పుడు మాత్రమే వాయించేవాడు, ఆ చప్పుడులో నాన్నకి వినపడదని. మా అమ్మ ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికేది. అది తల్లి ప్రేమ అని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

నాన్నకి ఆ గిటార్ అంటే ఎంత మంటో మాటల్లో చెప్పలేను. వాడు పాడైపోయాడని కాదు, నలుగురూ ఏమనుకుంటారోనని. అందుకే ఒక ఒప్పందం పెట్టాడు. హైస్కూలు నుంచి నేరుగా మెడిసిన్‌లోకి తీసుకునే ప్రోగ్రాంలో సీటు తెచ్చుకుంటే ఏది అడిగితే అది ఇస్తానన్నాడు. అన్నయ్య తెచ్చుకున్నాడు. ఇంకొకడైతే కారు అడిగేవాడు. వాడు అడిగింది ఒక్కటే. ఆ పాటగాడి సొంత ఊళ్ళో కొత్తగా విగ్రహం పెట్టారట, దాని ముందు గిటార్ పట్టుకుని నిలబడితే ఒక ఫోటో తియ్యాలి. "అంతేనా?" అన్నాడు నాన్న, బేరం కలిసొచ్చిన మొహంతో. "ప్రామిస్?" అన్నాడు అన్నయ్య. నాన్న వాడి చేతిలో చెయ్యి వేశాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

ఆ వేసవిలోనే మా పెదనాన్న వచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు. నాన్నని చదివించిందీ, పెంచిందీ ఆయనే. నాన్న ఆయన ఎదుట కుర్చీలో వెనక్కి వాలి కూర్చునేవాడు కాదు. ఇండియా నుంచి ఎవరొచ్చినా నయాగరా చూపించి తీరాలన్నది అప్పట్లో మన వాళ్ళందరికీ అప్రకటిత చట్టం. స్టేషన్ వ్యాగన్ కారులో బయల్దేరాం. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ సీసా, వీటన్నిటి కిందా దుప్పటి చుట్టిన గిటార్ కేసు. "పెదనాన్న ముందు అది బయటికి తియ్యకండి" అని నాన్న మాకు ముందే చెప్పాడు. మరి ఫోటో ఎలా అంటే, "అప్పటికి చూద్దాం" అన్నాడు. పెదనాన్న ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా పౌరాణిక నాటకాల పద్యాలు పాడారు. రాగం తీశారంటే హైవే మీద రెండు ఎగ్జిట్లు దాటిపోయేవి. స్టీరింగ్ పట్టుకున్న అన్నయ్య వేళ్ళతో తాళం వేసేవాడు. అలాంటి మనిషి ఒక పాటగాడి విగ్రహం చూసి ఏమనేవారు? ఏమీ అనేవారు కాదు. ఆ సంగతి అప్పుడు నాన్నకి తట్టలేదే అని ఇప్పటికీ నాకు కడుపు మంట.

నయాగరాకి రెండు రీళ్ళు తగలేసి, తిరుగు దారిలో ఒక మధ్యాహ్నం ఆ ఊరు చేరాం. చిన్న ఊరు, ఒక చౌకు, చౌకు మధ్యలో విగ్రహం. పలక మీద పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం తప్ప ఇంకేమీ లేదు. ఎవరో చెప్పక్కర్లేదని ఊరివాళ్ళ ధీమా. పెదనాన్న కారు దిగి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశారు.

"ఎవర్రా ఈ మహానుభావుడు? ఉపన్యాసం మంచి పట్టులో ఉండగా చెక్కినట్టున్నారే" అన్నారు.

మీరే చెప్పండి, ఆయన తప్పేముంది? మైకు, ఎత్తిన చెయ్యి, నాలుగు రోడ్ల మధ్య నిలువెత్తు మనిషి. మన ఊళ్ళలో అలా నిలబడేవాళ్ళు నాయకులు కాక ఇంకెవరు? నాన్న ఒక్క క్షణం తటపటాయించాడు. నిజం చెప్పడానికి ఆ క్షణం చాలు. కానీ నాన్న నోట్లోంచి వచ్చింది ఇది: "ఇక్కడి లీడర్ అన్నయ్యా. పేదవాళ్ళ కోసం పాటుపడ్డాడు. పాపం, చిన్న వయసులోనే పోయాడు."

పెదనాన్న వెంటనే చెప్పులు విప్పేశారు. జూలై ఎండలో కాంక్రీటు కాలిపోతోంది. అయినా విప్పారు. "దండ లేకుండా ఎలారా? చేతులూపుకుంటూ వచ్చేస్తామా ఇలాంటివాళ్ళ దగ్గరికి?" అన్నారు. అన్నగారి మాట నాన్నకి వేదం. నన్నూ అమ్మనీ ఎదురుగా ఉన్న సూపర్‌మార్కెట్‌కి తరిమాడు. ఎర్ర కార్నేషన్ పూలు నాలుగు కట్టలు కొన్నాం. అమ్మ హ్యాండ్‌బ్యాగులో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి. కార్లో కూర్చుని దండ గుచ్చుతూ, "ఇదేం కర్మే తల్లీ, పిల్లాడికిచ్చిన మాట ఏమైనట్టు?" అంది. ఆ మాట నాతో కాక నాన్నతో అని ఉంటే ఎంత బావుండేదో. బయట అన్నయ్య కారు వెనక, గిటార్ ఉన్న ట్రంక్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నాన్న వాడి పక్కకి వచ్చి గొంతు తగ్గించి, "గిటార్ తీశావంటే చూడు. ఆయన ముందు నా పరువు తియ్యకు" అన్నాడు.

దండ తయారైంది. పీఠం ఛాతీ ఎత్తు ఉంది. "నువ్వు పొడుగ్గా ఉన్నావు, ఎక్కి వెయ్యరా నాన్నా" అన్నారు పెదనాన్న, అన్నయ్యతోనే. అన్నయ్య ఎక్కాడు. నాలుగేళ్ళుగా గోడ మీద పోస్టర్లో చూస్తున్న మొహానికి ఎదురుగా నిలబడ్డాడు. దండ వేశాడు, సర్దాడు కూడా. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు అమెరికన్ ముసలమ్మలు చప్పట్లు కొట్టారు. "చూశావా, జనానికి ఎంత అభిమానమో!" అని పెదనాన్న మురిసిపోయారు. అప్పుడు అన్నయ్య పైనుంచే అన్నాడు.

"పెదనాన్నా, ఈయన లీడర్ కాదు. సింగర్. రాక్ సింగర్. నేను ఈయన పాటలే వాయిస్తాను. నా గిటార్ కార్‌లో ఉంది."

పెదనాన్న నాన్న వైపు చూశారు. నాన్న నవ్వాడు. "వీడికి అన్నీ వేళాకోళాలే అన్నయ్యా" అన్నాడు. పెదనాన్న నా వైపు తిరిగారు. "అమ్మడూ, నువ్వు చెప్పవే. నువ్వు అబద్ధం ఆడవు" అన్నారు.

పైనుంచి అన్నయ్య నన్నే చూస్తున్నాడు. పెదనాన్న వెనక నుంచి నాన్నా నన్నే చూస్తున్నాడు. నాకు పధ్నాలుగేళ్ళు. నాన్న కళ్ళు చూసి భయం వేసింది. "నాన్న చెప్పిందే నిజం పెదనాన్నా" అన్నాను.

నాన్న కెమెరా నా చేతిలో పెట్టాడు. అన్నయ్య దిగుతుంటే, "వాడు ఫోటోలో పడకుండా తియ్యి" అన్నాడు. నేను కెమెరా కుడివైపుకి జరిపాను. పూర్తిగా జరపడం చేతకాక పీఠం అంచున వాడి చెయ్యి మిగిలిపోయింది. తరవాత అన్నయ్య నాన్న దగ్గరికి వెళ్ళి, "గిటార్ వద్దులే నాన్నా. ఉత్తిగా నిలబడతాను. ఒక్కటి తియ్యండి" అని అడిగాడు. నాన్న నా చేతిలోంచి కెమెరా లాక్కుని, "రీలు అయిపోయింది" అన్నాడు. కెమెరా మీద చిన్న గాజు కిటికీలో అంకె ముప్ఫై మూడు అని నేను చూశాను. అది ముప్ఫై ఆరు ఫోటోల రీలు. నేను నోరెత్తలేదు.

అక్కణ్ణుంచి కూడా అన్నయ్యే కారు నడిపాడు. సాయంత్రం గ్యాస్ స్టేషన్‌లో నాన్న కెమెరా తీసి పెట్రోలు పంపు పక్కన పెదనాన్నని నిలబెట్టి మూడు ఫోటోలు తీశాడు. ఇండియాలో అందరూ చూసి సంతోషిస్తారట. అన్నయ్య అద్దంలోంచి చూశాడు, చూసి అద్దం సరిచేసుకున్నాడు. ఇంటికొచ్చి ట్రంక్ తీస్తే, ఆ ఎండ వేడికి జిగురు కరిగి గిటార్ తీగలు బిగించే చెక్క ఊడి చేతికొచ్చింది. నాన్న పక్కన నిలబడి, తిండి పెట్టిన ఐసు పెట్టె మూత ఎత్తి, "పెరుగన్నం మాత్రం పాడవలేదు" అన్నాడు. అప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పాతబడలేదు. వాడు గిటార్ బాగు చేయించుకోలేదు. అమ్మ బట్టలు ఒక్కసారే ఉతకడం మొదలుపెట్టింది.

అన్నయ్య ఇప్పుడు మోరిస్‌విల్‌లో ఉంటాడు, నాకు పావుగంట దూరం. ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టరు. మనుషుల్ని నిద్రపుచ్చడం కూడా ఒక రకం పాటేనని ఎప్పుడో నవ్వుతూ అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అమ్మ పోయాక నాన్న ఇక్కడ క్యారీ ఊళ్ళో నా దగ్గరే ఉంటున్నాడు. ఆదివారం ఫోన్ తీసుకుని తిన్నగా ఆయన గదిలోకి వెళ్ళాను. నలభై ఏళ్ళుగా నాలుక చివర పెట్టుకున్న మాట అనేశాను.

"నాన్నా, ఆ రోజు రీలు అయిపోలేదు."

"ఏ రీలు?" అన్నాడు.

ఫోటో చూపించాను. దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు. మొహం విప్పారింది. "మా అన్నయ్య! ఎంత బావున్నాడో చూడు. ఈయనెవరో పెద్ద లీడర్ కదమ్మా. పేదవాళ్ళ కోసం పాటుపడ్డాడు. పాపం, చిన్న వయసులోనే పోయాడు."

ఎగతాళి కాదు, నటన కాదు. తను ఆడిన అబద్ధాన్ని తనే నమ్మేశాడు. అబద్ధమాడిన మనిషి ఎప్పుడో జారుకున్నాడు. నాకు మిగిలింది ఎనభై దాటిన ఈ అమాయకుడు. ఇతణ్ణి పట్టుకుని ఏం దులిపెయ్యను? పళ్ళు కొరుక్కుని, ఆయన మాత్రలు ఆయనకిచ్చి, వంటింట్లోకి వచ్చి గ్రూపులో రాశాను: "ఆ విగ్రహం నాయకుడిది కాదు. ఒక రాక్ సింగర్‌ది. పెదనాన్నగారికి ఆ రోజు మా అన్నయ్య నిజమే చెప్పాడు, నేను అబద్ధం చెప్పాను. దండ వేసింది మా అన్నయ్య. ఆ చెయ్యి వాడిది."

గ్రూపులో దండాలు ఆగాయి. చాలాసేపటికి, ఆ గ్రూపులో ఏనాడూ ఒక్క ముక్క రాయని అన్నయ్య రాశాడు: "వాచీ కూడా నాదే."

ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చూశాను. మణికట్టు మీద వాచీ ఉంది. ఎంత పెద్దది చేసినా మసకే తప్ప ముళ్ళు కనపడలేదు. కనపడక్కర్లేదు. ఆ వాచీలో అప్పుడు ఎంతయిందో నాకు తెలుసు. నేను ఒక్క మాట అనవలసిన వేళయింది, నేను అనలేదు, అది ఇంకా అక్కడే ఆగి ఉంది.