తగిలిందా, నాన్నా?

"ఇది పాపకి కూడా వస్తే ఏం చెయ్యాలమ్మా?"

చంకలోని తన పాపను తల్లికి అందిస్తూ ఆమె పిల్ల అరికాలు వేలితో గీరింది. పాప కాలు చటుక్కున వెనక్కి లాక్కుని కిలకిలా నవ్వింది.

"పొద్దుట్నుంచి ఎన్నిసార్లు గీరతావే దాన్ని! పుండు పడుతుంది. ముందు మీ నాన్న దగ్గరికి వెళ్లు. షెడ్డు నుంచి ఫోను చేశాడు, నిన్నోసారి రమ్మని. కంగారేం లేదట," అంది తల్లి.

ఆయన కంగారేం లేదన్నాడంటే కొంప మునిగినట్టే లెక్క. ఆమె స్కూటరు తాళం తీసుకుంది.

ఆయన కార్లకు వైరింగు చేస్తాడు. షెడ్డులో అందరికీ వైర్ల మాస్టారు. ఇంజను వెనక చూపు ఆనని సందులోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, మొహం ఇటు తిప్పి కబుర్లు చెబుతూనే ఊడిన వైరును పట్టుకొచ్చేవాడు. "చెయ్యి అక్కడ పెట్టి మాతో ముచ్చట్లేంటి మాస్టారూ, చూసి చెయ్యండి" అని డ్రైవర్లు ఆట పట్టిస్తే, "నోరు మీతో మాట్లాడుతోంది, వేళ్లు దాంతో మాట్లాడుతున్నాయి. మధ్యలో కళ్లకేం పని?" అనేవాడు.

ఆ వేళ్లే మొద్దుబారాయి. మొదట స్క్రూలు జారిపడ్డాయి. తర్వాత నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు. ఆయన తల్లికీ ఆఖరి రోజుల్లో గ్లాసు చేతిలో నిలిచేది కాదు. అప్పుడంతా పెద్దతనం అనుకున్నారు. వంశంలో దిగే నరాల జబ్బనీ, తగ్గేది కాదనీ ఈమధ్యే డాక్టరు తేల్చేశాడు. కూతురు కాలేజీలో జీవశాస్త్రం చెబుతుంది. ఇలాంటి జబ్బు తండ్రికుంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగమని ఏటేటా బోర్డు మీద గళ్లు గీసి చూపిస్తుంది. ఇప్పుడా గళ్లలో ఒకదాంట్లో తను, దాని కింద గడిలో పాప.

షెడ్డు ఓనరు ఆయన స్నేహితుడి కొడుకు, ఆయన చేతుల మీద పెరిగినవాడు. మాస్టారు చేసిన బళ్లు ఈమధ్య ఒకటొకటిగా వెనక్కి వస్తున్నాయి. దాంతో మొహమాటపడుతూనే చెప్పేశాడు: "ఈ కారు సవ్యంగా వెళ్తే సరే బాబాయ్. లేదంటే ఇంక ఇంటిపట్టున ఉండు."

ఆ కారుది నిజానికి చిన్న జబ్బే. నాలుగు ప్లగ్గుల మీద నిప్పు పుట్టించే ఇగ్నిషన్ కాయిళ్లు నాలుగు; ఒక్కోదానికి వైర్లను కలిపే ప్లాస్టిక్ కప్లర్ ఒకటి. ఏళ్ల తరబడి ఇంజను వేడికి ఉడికి కప్లర్ల లాకులు విరిగిపోయాయి. బండి అదిరినప్పుడల్లా అవి వదులై ఇంజను మిస్సింగు కొడుతోంది. పాతవి కోసేసి కొత్తవాటి వైర్లు అతకాలి, అంతే.

ఆమె వెళ్లేసరికి ఆయన బానెట్ కింద తల వంచుకుని నిలబడి ఉన్నాడు. కోసేసిన కప్లర్లు నాలుగూ బ్యాటరీ మీద పడి ఉన్నాయి. పైన చుట్టిన టేపు కూడా విప్పేయడంతో వైర్లన్నీ దువ్వని జుట్టులా వేలాడుతున్నాయి. వేడికి మాడి అన్నీ ఒకే మట్టిరంగులో ఉన్నాయి.

"నాలుగూ కోసేశావా నాన్నా?"

"పొద్దున పూట చేతులు కాస్త మాట వింటాయమ్మాయ్. వింటున్నప్పుడే కోత పని కానిచ్చేద్దామనుకున్నా. ఇప్పుడు ఏది దేనిదో తెలిసి చావడం లేదు."

కరెంటు వచ్చే వైర్లు, ఎర్తు వైర్లు టెస్ట్ ల్యాంపుతో దొరికాయి. ఎటూ తేలనివి నాలుగు మిగిలాయి. ఎప్పుడు నిప్పు వెయ్యాలో ఇంజనును నడిపే కంప్యూటర్ బాక్సు నుంచి ఒక్కో కాయిల్‌కీ చెప్పే వైర్లవి. అవి తారుమారైతే ఒక సిలిండరులో పడాల్సిన నిప్పు ఇంకోదాంట్లో పడుతుంది.

"బాక్సు ప్లగ్గు ఊడదీస్తే మీటరుతో చూసెయ్యొచ్చు కదా?"

"దాన్ని ముట్టుకోకు. దాని లాకూ ఎండిన బిస్కెట్టులా ఉంది. విరిగిందంటే బండి ఇక్కడే కాపురం పెడుతుంది. బాక్సు వైపు వైర్ల రంగులు మాడకుండా బాగానే ఉన్నాయి, ఏ రంగు ఎన్నో కాయిల్‌దో నాకు తెలుసు. నువ్వు బాక్సు దగ్గర ఒక్కోటే మెల్లగా లాగు. నేనిటు కొసలు పట్టుకుంటా. ఆ కదలిక కంటికి ఆనదు, వేలికే తెలియాలి."

ఆమె లాగింది. "తగిలిందా, నాన్నా?"

"మళ్లీ లాగు."

"లాగాను. తగిలిందా?"

"ఆ... ఆ, ఇదే."

రెండోది. "తగిలిందా?"

"తగిలింది." ఈసారి జవాబు వెంటనే వచ్చింది. మూడోదానికి ఇంకా తొందరగా వచ్చింది.

ఆమె గుండె తేలికపడింది. అంత సన్నటి కదలిక తెలుస్తోందంటే వేళ్లలో ఇంకా ప్రాణం ఉన్నట్టే. డాక్టరు భయపెట్టినంతగా జబ్బు ముదరలేదన్నమాట. ఒకవేళ తనకు వచ్చినా, పాపకు వచ్చినా... అక్కడిదాకా వెళ్లిపోయింది ఆలోచన. ఆయన ప్లయరుతో మెలిపెట్టి వైర్లు అతుకుతుంటే పక్కన నిలబడి టేపు ముక్కలు చించి ఇచ్చింది.

ఓనరు వచ్చి తాళం తిప్పాడు. ఇంజను దగ్గింది, గిలగిలా కొట్టుకుంది, సైలెన్సరు ఢామ్మని పేలింది. అవతల పెయింటు వేస్తున్నవాడు బ్రష్షు వదిలేసి, "కారుకి మందుగుండు కూరారా ఏంటి మాస్టారూ!" అని అరిచాడు. అందరూ ఘొల్లుమన్నారు. ఓనరు మాత్రం నవ్వకుండా తాళం వెనక్కి తిప్పి దిగిపోయాడు.

ఆమె గొంతు తగ్గించింది. "తగిలిందన్నావు కదా నాన్నా?"

"నువ్వంత ఆశగా అడుగుతుంటే తగల్లేదని ఎలా చెప్పేది?"

"ఒక్కటీ తగల్లేదా?"

"ఒక్కటీ."

అతుకులన్నీ విప్పారు. ఈసారి ఆమె కొసలు పట్టుకుంది, ఆయన బాక్సు దగ్గర ప్లయరుతో లాగాడు. వేళ్ల మధ్య చేపపిల్ల మూతి తగిలినట్టు చిన్న కదలిక.

"తగిలిందా అమ్మాయ్?"

"తగిలింది." ఎందుకో ఆమెకు సిగ్గేసింది.

ఆయన చెబుతుంటే అతుకులూ ఆమే వేసింది. తాళం తిప్పగానే ఇంజను బుద్ధిగా గుర్రుమంది. "అబ్బో! అక్కా, కాలేజీ మానేసి ఇటొచ్చెయ్" అన్నాడు ఓనరు. అన్నాక నాలిక కరుచుకున్నాడు. ముందుగా నవ్వింది మాస్టారే. "ఉంచుకోరా. పాత సరుకు దించేసి కొత్త సరుకు ఎక్కించుకున్నట్టు ఉంటుంది."

"అది కాదు బాబాయ్, నువ్వూ రా. ఊరికే వచ్చి కూర్చో."

"ఊరికే కూర్చోడానికి ఇంట్లో కుర్చీలు లేవట్రా?"

ఓనరు మోగని ఫోను చెవి దగ్గర పెట్టుకుని అవతలికి నడిచాడు. కారు సవ్యంగానే వెళ్లిపోయింది. అది తన చేతులతో కాదన్న సంగతి మాత్రం మాస్టారికి ఎవరూ చెప్పక్కర్లేదు. షెడ్డు పని ఆ రోజుతో సరి.

తండ్రిని వెనక ఎక్కించుకుని ఇంటికి వెళ్తూ దారిలో ఆమె స్కూటరు పక్కకు తీసి ఆపేసింది. వెనక ఆయన పట్టుకున్నాడో లేదో ఆయనకే తెలియదని హఠాత్తుగా స్ఫురించింది. దిగి నిలబడి ఏకరువు పెట్టింది. "నా చేతులు ఎప్పుడు పోతాయో తెలీదు. పాప నిన్న గడప దగ్గర పడింది, మామూలుగా పడిందో ఇందుకే పడిందో! దానికి పరీక్ష చేయించాలా వద్దా? ఇంకో బిడ్డను కనాలా వద్దా? రేపట్నుంచి నువ్వింట్లో ఏం చేస్తావ్? నాకు ఊపిరాడ్డం లేదు నాన్నా."

ఏం కాదులే అనలేదాయన. కూతురికి లెక్కలు తెలుసని ఆయనకు తెలుసు.

"ఇవాళ నేను చేసిన నిర్వాకం చూశావుగా. చేతులు పోతున్నాయన్న కంగారులో నాలుగూ ఒక్కసారే కోసుకుని కూర్చున్నా. నువ్వూ అదే చేస్తున్నావు. ఒకటి కొయ్యి. దాన్ని అతికి టేపు చుట్టేదాకా రెండోదాని జోలికి పోకు."

"అది అతక్కపోతే?"

"అతక్కపోతే అదొక్కటే పోతుంది. మిగతావి ఏది దేనిదో తెలుస్తూనే ఉంటుంది."

ఇప్పుడాయన ఇంట్లోనే ఉంటున్నాడు. కుళాయి తిప్పాలన్నా ఎవరో ఒకరు లేవాలి. కిందటి నెలకన్నా ఈ నెల ఇంకాస్త తగ్గింది పట్టు. ఆమె వెళ్లి ముందుగా తన రక్తం ఒక్కటే పరీక్షకు ఇచ్చింది. ఫలితం ఇంకా రాలేదు. పాప రక్తం కూడా ఇప్పుడే తీసుకోమంటారా అని అక్కడివాళ్లు అడిగారు. వద్దండీ, నాది తేలాకే ఆ మాట, అని చెప్పి వచ్చేసింది.