నల్లోడి చెవుల్లో గోమార్లు

నిన్న మా కుక్కకు మెడమీద వేసే గోమార్ల మందు కొందామని కోదాడలో మందుల షాపుకు వెళ్తే, కౌంటర్ దగ్గరి మనిషి దాని వయసెంత అని అడిగాడు. తొమ్మిదేళ్లన్నాను. "ముసలిదానికి ఇంకెందుకమ్మా," అన్నాడు, నా మేలు కోరి చెప్తున్నట్టే. మందు తీసుకుని బయటికొచ్చాను గానీ, ఆ మాట నన్ను నేరుగా నేరేడుచర్లలోని మా మేనత్త ఇంటికి తీసుకుపోయింది.

అక్కడ మామ మాట వాడకట్టంతా వినేది. మామ మాత్రం అత్త మాట వినేవాడు, అదీ వెంటనే కాదు. వాళ్లింట్లో నల్లోడనే నాటుకుక్క ఉండేది. కల్లంలో ఆరబోసిన వడ్లకు పదేళ్లకు పైగా కాపలా కాసింది. వయసులో ఉన్నప్పుడు మిల్లు దాకా ట్రాక్టర్ వెంట ఉరికేది. ముసలితనం వచ్చాక పరుగు మానేసి, పడుకున్న చోటినుంచే ఒకసారి మొరిగి బండిని సాగనంపేది. ఉద్యోగం మానకుండా పని తగ్గించుకున్నట్టుండేది దాని వ్యవహారం.

ఒక ఎండాకాలం నేను వెళ్లేసరికి నల్లోడు మూడు రోజులుగా ముద్ద ముట్టడం లేదు. నీళ్లతొట్టి పక్కన చల్లటి నేలమీద పడి ఉంది. చెవి ఎత్తి చూస్తే లోపల రక్తం తాగి ఆముదం గింజల్లా ఉబ్బిన గోమార్లు, కాలివేళ్ల సందుల్లో మరికొన్ని. మామ కాసేపు చూసి, "పదకొండేండ్లాయె. ఇగ దాని టైం అయింది, ఇడిసిపెట్టు," అన్నాడు. అన్నాడే గానీ మనసొప్పలేదేమో, వరికి కొట్టే మందు పంపు భుజాన వేసుకుని వచ్చాడు. అత్త కుక్కకూ పంపుకూ మధ్య నిలబడింది.

"పొలం మందు కొడితే అది ఒళ్లు నాక్కుంటది. గోమార్లకన్న ముందు అదే పోతది," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ముసలితనం రోగం కాదు. రోగమేందో డాక్టర్ చెప్తడు," అంది.

మామ పంపు దించాడు. అత్తా నేనూ నల్లోణ్ణి పాత దుప్పట్లో చుట్టి మిర్యాలగూడ ఆటో ఎక్కించాం. ఎక్కినవాళ్లంతా మొదట ముక్కు మూసుకున్నారు, తర్వాత తలా ఒక వైద్యం చెప్పారు. వేపాకు పసరని ఒకరు, పసుపని ఒకరు, బూడిదని మరొకరు. అత్త అన్నిటికీ తలూపింది, దేన్నీ పట్టించుకోలేదు. దారి పొడవునా నల్లోడి తల ఆమె ఒడిలోనే ఉంది. ఊపిరి ఆడుతోందా లేదా అని నేను మధ్యమధ్య పొట్టమీద చెయ్యి పెట్టి చూస్తూ కూర్చున్నాను.

పశువుల దవాఖానలో చిన్నవయసు డాక్టరమ్మ నల్లోడి పెదవి పైకెత్తి చూపించింది. చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. రక్తం తీసి పరీక్షకు పంపి, ఫలితం వచ్చాక చెప్పింది. "గోమార్ల జ్వరం అమ్మా. రక్తం బాగా తగ్గింది. వయసైపోయిందని ఇంట్లోనే ఉంచితే ఈ వారం దాటేది కాదు."

నెల రోజులు మాత్రలు. పెరుగన్నం ముద్దలో పెట్టి ఇస్తే అన్నం తిని మాత్ర ఉమ్మేసేది, మళ్లీ పెట్టాలి. గోమార్లు ఒంటిమీదే ఉండవు, గోడ పగుళ్లలో దాక్కుని గుడ్లు పెడతాయని డాక్టరమ్మ చెప్పిందని తెలిసి, మామ ఎవరూ అడగకుండానే సిమెంటు కలిపి కుక్క పడుకునే వైపు గోడ మొత్తం పూడ్చాడు. నున్నటి బండలమీద కాళ్లు జారుతున్నాయని గోనెసంచులు పరిచాడు. పొద్దున చాయ్ తాగాక కళ్లజోడు పెట్టుకుని, పేపరు చదివినంత శ్రద్ధగా దాని చెవులు వెతికేవాడు. దొరికిన గోమారిని పట్కారుతో లాగి సబ్బునీళ్లలో వేసేవాడు. "ఇయ్యాల రెండే," అని నాకు ఫోన్‌లో చెప్పిన రోజు ఆయన గొంతులో పంట చేతికొచ్చినంత సంబరం.

నల్లోడు ఆ తర్వాత రెండేళ్లకు పైగా బతికింది. కళ్లకు పొర కమ్మినా మామ అడుగుల చప్పుడు గుర్తుపట్టి తోక ఆడించేది. ఒక వానాకాలం పొద్దున, మామ పక్కన కూర్చుని ఒళ్లు నిమురుతుండగానే, నొప్పి లేకుండా కన్నుమూసింది. ఆ రెండేళ్లనే మేం ముసలితనం పేరు చెప్పి వదులుకోబోయాం. ఒక ప్రాణికి కాలం ఎంత మిగిలుందో పైపైన చూసి చెప్పగలిగేంత తెలివి మనకెవరికీ లేదు.