గృహప్రవేశంలో పాడిన పాట

టీవీ పాటల పోటీలో నేను ఓడిపోయింది శ్రుతి తప్పి కాదు. "గొంతు బాగుందమ్మా, కానీ ఇందులో నువ్వెక్కడున్నావు?" అన్నారు న్యాయనిర్ణేత. అంతకుముందు వారం దాకా, ఎవరి పాట పాడితే అచ్చం వాళ్లలాగే ఉందని చప్పట్లు కొట్టింది కూడా ఆయనే. ఆయన్ని తిట్టుకుంటూ మదనపల్లె వచ్చేశాను. తిట్టడం సులువే గానీ ఆ ప్రశ్న మాత్రం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

ఊళ్లో నేను 'టీవీ పాప'ని. పెళ్లిళ్లకీ కాలేజీలకీ పిలిచి సినిమా పాటలు పాడించుకునేవారు. నా సొంత పాటలు పాడతానంటే "అట్లనే, కడాన పాడుదువులే" అనేవారు. ఆ కడ ఎప్పుడూ వచ్చేది కాదు. చివరికి మేడ మీది గది గోడలకు పాత బొంతలు వేలాడదీసి, మైకు కొనుక్కుని, నా పాట నేనే రికార్డు చేసుకోవడం మొదలుపెట్టాను. రాసినవన్నీ ఎక్కడో విన్నట్టే ఉండేవి. చెరిపేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం బట్టలు మడత పెడుతుంటే ఒక బాణీ నోటికొచ్చింది. వెతకలేదు, కట్టలేదు. అది అప్పటికే అక్కడ ఉన్నట్టుంది. మాట కూడా దానితోనే వచ్చింది: 'తలుపు తియ్యమ్మా, నేనొచ్చినాను.' మిగతా చరణాలు నేను రాసుకున్నాను. ఇది ఎవరిలాగా లేదు. అంత సంతోషం నాకు టీవీలో కూడా కలగలేదు. శుక్రవారం విడుదల అని అందరికీ చాటేశాను. అమ్మకు మాత్రం అంతా అయ్యాకే వినిపిద్దామనుకున్నాను.

ఆ వారంలోనే పుంగనూరులో ఒక కిరాణా వ్యాపారి ఇంట్లో గృహప్రవేశం. పాలు పొంగించడం అయింది, భోజనాలు ఇంకా మొదలు కాలేదు. కొత్తింటికి తలుపు పాట కన్నా బాగా ఏం కుదురుతుందని పాడేశాను. పల్లవి రెండోసారి అందుకునేసరికి ముందు వరుసలోని పెద్దావిడ కొంగు తల మీదికి లాక్కుంది. పక్కావిడ లేచింది. ఆమె వెనకే మిగతా పెద్దవాళ్లంతా లేచారు. గేటు పక్క కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు. పోయొస్తామని ఒక్కరూ అనలేదు. మా వైపు అలా చెప్పకుండా వెళ్లేది చావింటి నుంచే. ఆ సంగతి నాకు తెలిసినా అప్పుడు తట్టలేదు. వడ్డన ఆలస్యమైందని అలిగారేమో అనుకున్నాను. నేను వేదిక దిగగానే ఇంటావిడ వచ్చి నేను నిలబడిన చోట పసుపు నీళ్లు చల్లింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు కుప్పంలో కాలేజీ వార్షికోత్సవం. పిల్లలు కేరింతలు కొట్టారు, ఫోన్లు ఎత్తి రికార్డు చేసుకున్నారు. పుంగనూరు వాళ్లకు సంగీతం తెలియదని నాకు నేనే సర్దిచెప్పుకుంటుండగా, ఎవరో విద్యార్థిని వాళ్ల అవ్వ అనుకుంటా, వెనక వరుస నుంచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"ఎవురమ్మా పోయింది మీ ఇంట్లో?"

"ఎవరూ పోలేదవ్వా."

"లేదు పాపా, ఎవురో పోయుండారు. నాది సదుం పక్క. ఈడికి ఇచ్చినారు నన్ను. అమ్మ పోతే మా పక్క కూతుర్లు ఏడ్సే రాగం ఇది. ఊరికే ఎట్లొస్తాది?"

తిరుగు బస్సులో నోరు గట్టిగా మూసుకుని కూర్చున్నాను. భయం వేసింది. దయ్యాల భయం కాదు. నా నోట్లో ఉన్నది ఎవరిదో నాకే తెలియదన్న భయం. ఎందుకంటే నేనెప్పుడూ చావింటికి వెళ్లలేదు. వీధి చివర ఎవరైనా పోయినా అమ్మ కిటికీలు మూసేసేది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ వరండాలో కూర్చుని నానిన అనపగింజలు పితికి పొట్టు తీస్తోంది. అమ్మ పుట్టిల్లు సదుం దగ్గరే. చెప్పులు కూడా విడవకుండా ఎదురుగా నిలబడి పల్లవి పాడాను. అమ్మ చేతులు ఆగిపోయాయి. తర్వాతి పాదం ఆమె పాడింది. అది నేను రాసింది కాదు. అయినా బాణీలో సరిగ్గా కూర్చుంది.

"ఎవురు నేర్పించిరి నీకు?"

"నేనే కట్టుకున్నాను."

అమ్మ గింజల గిన్నె పక్కకు జరిపింది. "మా అమ్మ పోయిన పొద్దు నువ్వు కడుపులో ఉండావు. నిండు నెలలు. కడుపుతో ఉండేది సావింటికి పోకూడదు, ఏడ్సకూడదు అని మా అత్త నన్ను ఈడనే కూసోబెట్టె. అందరూ పోయిరి. నేను నోరు తెరవలేదు పాపా. లోపల్లోపలే ఆడికి పోయి, తలుపు తియ్యమ్మా అని ఏడిస్తి."

"తర్వాత ఎప్పుడైనా పాడినావా? నన్ను నిద్రపుచ్చేటప్పుడు?"

"బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆ రాగమా? నోరు పడిపోదా!"

చెప్పులు విడిచి అమ్మ పక్కన కూర్చున్నాను.

అప్పుడు అమ్మ పాడింది. తల్లి చేసిన రాగి సంగటినీ, చివరిసారి చూడనివ్వని ముఖాన్నీ ఒక్కొక్కటిగా తలుచుకుంటూ, కళ్లు తెరుచుకునే పాడింది. ఆ గొంతు అమ్మలో ఉందని నాకు తెలియదు. అది అచ్చం నా గొంతే.

పూర్తయ్యాక ముక్కు తుడుచుకుని, "ఇంగ నువ్వు దీన్ని పాడొద్దు" అంది.

ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. "నాకున్నది ఈ ఒక్క పాటేనమ్మా! ఇది కూడా నాది కాదా?" అని అరిచాను.

"నీదే. నేను పోయినాక నీదే. అప్పుడు పాడు. గెట్టిగా పాడు. నువ్వు కడుపుతో ఉన్నా సరే, ఎవురు వద్దన్నా ఇనొద్దు."

మళ్లీ గింజలు పితకడం మొదలుపెట్టింది.

శుక్రవారం వచ్చింది, పోయింది. తర్వాత వేరే పాటలు కట్టాను. అవి జనం వింటున్నారు, నాకూ నచ్చుతున్నాయి. కానీ ఆ రోజు కుప్పంలో విన్న పిల్లలు ఇంకా మెసేజీలు పెడుతుంటారు, ఆ తలుపు పాట ఎప్పుడొస్తుందక్కా అని. ఇంకా చాలా ఏళ్లు పడుతుందని జవాబు రాస్తాను. రాసి, ఫోను పక్కన పెట్టి, కింద వంటింట్లో అమ్మ మెసులుతున్న చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చుంటాను.