ఫాస్ట్‌లీ వచ్చిన బస్సు

అమ్మ తమ్ముడు, అంటే మా మామ, ఆళ్లగడ్డలో లెక్కల అయ్యవారు. నాయన నంద్యాలలో ఇంగ్లీషు చెప్పేవాడు. డెబ్బైలలో, నేను చదువుకునే రోజుల్లో, ఆదివారం ఆరాధన ముగించుకుని మేం ఇంటికి వచ్చేసరికి మామ బస్సు దిగి మా అరుగు మీద కూర్చుని ఉండేవాడు. కుశలమడగడం ఆ ఇద్దరికీ చేతకాదు.

“బావా, ఈ పొద్దు బస్సు ఫాస్ట్‌లీ వచ్చింది.”

నాయన బైబిలు గూట్లో పెట్టకముందే అందుకునేవాడు. “ఆ మాట లేదప్పా, ఫాస్ట్ అనల్ల. ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?”

“స్లోలీ ఉండంగ ఫాస్ట్‌లీకి ఏమొచ్చింది? కాడికి ఒక ఎద్దునే కట్టి దున్నమంటావా?”

“ఇంగ్లీషు నీ లెక్క కాదు. ఆ పక్క ఈ పక్క సమానం రావల్లనేం లేదు.”

“మరి హార్డ్‌గా పనిచేసేటోన్ని హార్డ్‌లీ పనిచేస్తాడంటే సోమరిపోతయిపోతాడంటివే, పోయిన వారం? ఇదేం న్యాయం? ఒళ్లొంచి పనిచేసేది వాడు, పేరు పోగొట్టేది మీ ఇంగ్లీషు!”

నాయన నవ్వాపుకోలేక దగ్గేవాడు. మామ తప్పని తెలిసే అంటాడని ఇంట్లో అందరికీ తెలుసు. నాయనను రెచ్చగొట్టాలి, అంతే. ఎవరు ముందు మాట ఆపితే వాళ్లు ఓడినట్టు. ఓడినవాళ్లు అన్నం ముందు ప్రార్థన ఇంగ్లీషులో చెయ్యాలి, గెలిచినవాళ్ల మాట అందులో రావాలి. ఒకసారి నాయన ఓడి, పళ్లు కొరుక్కుంటూ, మా పాపాలను ఫాస్ట్‌లీ క్షమించమని ఇంగ్లీషులో దేవుణ్ని అడిగాడు. మామ ఆమెన్ వీధి చివరిదాకా వినబడింది.

“దేవుని ముందర ఏం ఆటలు మీకు? కూర చల్లారిపోతాంది,” అని అమ్మ ప్రతి ఆదివారం కసిరేది. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఆ రభస అంటే ఒళ్లు మంట.

ఎనభైలలో నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. జీవితమంతా మాటలు దిద్దుతూ బతికిన మనిషికి అదే పోవాలా? దేవుడి మీద నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. చూడవచ్చినవాళ్లు ఆయనకు చెవుడు వచ్చినట్టు అరిచి పలకరించి, పక్కనే నిలబడి అంతా దేవుని చిత్తమనేవాళ్లు. వాళ్లను బయటికి నెట్టాలనిపించేది. మాట్లాడిస్తూ ఉండండి, మాట తిరిగి రావచ్చు అన్నాడు డాక్టరు. మామ ఆ ఒక్క మాట పట్టుకున్నాడు.

ఆ ఆదివారం వచ్చి మంచం పక్కన ముక్కాలిపీట వేసుకున్నాడు.

“బావా, బస్సు ఫాస్ట్‌లీ వచ్చింది.”

నాయన చూశాడు. పెదవి ఒక పక్క కదిలింది. మామ ముందుకు వంగాడు. కంటి నుంచి నీళ్లు కారాయి తప్ప మాట రాలేదు.

“తిట్టు బావా. లేదని చెప్పు. నీకు కోపం రాలేదా?” మామ నాయన ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఆట ప్రకారం మాట రానివాడు ఓడినట్టు. మామ మాత్రం కళ్లు మూసుకుని, “సరే, నేనే ఓడిపోతి,” అని ఇంగ్లీషులో ప్రార్థన మొదలుపెట్టాడు. హీల్ హిమ్ ఫాస్ట్, లార్డ్, అన్నాడు. ఫాస్ట్ అనే అన్నాడు, నాయన చెప్పినట్టే.

తర్వాత ప్రతి ఆదివారం కొత్త తప్పు ఒకటి మోసుకొచ్చేవాడు. దారంతా బస్సులో అదే ఆలోచించేవాడేమో. ప్రతిసారీ తానే ఓడేవాడు. వానలు మొదలయ్యాక ఒక పొద్దున నాయన పోయాడు.

భూస్థాపన అయిన తర్వాతి ఆదివారం కూడా మామ వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు. లోపలికి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా, కంచం ముందు చతికిలబడ్డాడు. అమ్మ అన్నం పెట్టింది, కూర వేసింది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. ప్రార్థన ఎవరు చెయ్యాలో తెలియలేదు.

అమ్మ గరిటె కింద పెట్టింది. ఇన్నేళ్లలో ఎన్నడూ ఆ వాదంలో నోరు పెట్టని మనిషి, తమ్ముణ్ని చూసి మెల్లగా అడిగింది.

“ఏమప్పా, ఈ పొద్దు బస్సు ఫాస్ట్‌లీ రాలేదా?”

మామ తల ఎత్తాడు. “ఆ మాట లేదక్కా,” అన్నాడు. “బావ చెప్పినాడు గదా, లేదని.” అని, కంచం పక్కకు జరిపి, చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

అమ్మ అతని వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. కూర చల్లారిపోతున్నా ఏమీ అనలేదు.